మా ఇంట్లో లేని నెల

మా అత్తమ్మ లెక్కలో ఏడు తర్వాత తొమ్మిదే. కడుపుతో ఉన్నవాళ్ల దగ్గర ఎనిమిదో నెల అన్న మాట ఎత్తితే ఊరుకునేది కాదు. నాకు ఏడు నిండిన మర్నాడే "మా కోడలికి తొమ్మిది పడ్డది" అని గల్లీ అంతా చెప్పేసింది. లాడ్ బజార్‌లో గాజులు తొడిగే భాయ్‌తోనూ అదే మాట. ఆయన నా పొట్ట వైపు ఓసారి చూసి గాజులు తొడిగాడు. నాకు ఒళ్లు మండేది. ఇప్పుడు అత్తమ్మ లేదు. ఎవరైనా నీళ్లోసుకున్నారని తెలిస్తే చాలు, ఆ దొంగలెక్కే గుర్తొచ్చి ఆమె మీద బెంగ పుడుతుంది.

నాకు ఏడు నిండిన రెండు వారాలకే, మిట్టమధ్యాహ్నం నొప్పులు మొదలయ్యాయి. మా ఆయన అఫ్జల్‌గంజ్‌లో దుకాణం మీద ఉన్నాడు. అత్తమ్మే ఆటో పిలిచి దగ్గర్లో ఉన్న ఆసుపత్రికి తీసుకుపోయింది. హడావుడిలో స్కానింగ్ ఫైలు ఇంట్లోనే ఉండిపోయింది.

"ఎన్నో నెల?" అడిగింది డాక్టరమ్మ.

"తొమ్మిది నడుస్తున్నది," అంది అత్తమ్మ, నాకంటే ముందే.

"అయితే ఫికర్ లేదు. నెలలు తక్కువుంటే స్టెరాయిడ్ సూదులు ఇయ్యాల్సి వచ్చేది."

నిజం చెబుదామంటే నొప్పికి మాట రాలేదు. అత్తమ్మ చెయ్యి గట్టిగా పట్టుకున్నాను.

"ఆ సూదులెందుకమ్మా?" అంది ఆమె, గొంతు తగ్గించి.

"తొందరపడి పుట్టిన బిడ్డకు ఊపిరందదు, ఆగమైతది. పుట్టకముందే తల్లికి సూదులిస్తే బిడ్డ ఊపిరితిత్తులు తయారైతయి."

అత్తమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"ఎనిమిది," అంది. "అబద్ధం చెప్పిన. ఎనిమిదో నెలనే. జల్ది ఇయ్యి తల్లీ."

తిట్టే తీరిక కూడా లేక డాక్టరమ్మ సిస్టర్‌ని కేకేసింది. పన్నెండు గంటలకొకటి చొప్పున నాలుగు సూదులు. అవి పూర్తయ్యేదాకా కాన్పు ఆగాలని, నొప్పులు తగ్గే మందులు. అత్తమ్మ నా మంచం పక్కనుంచి కదల్లేదు. గోడ గడియారం చూసి, ప్రతి సూదికీ పది నిమిషాల ముందే పోయి సిస్టర్ నెత్తిన కూర్చునేది. వాళ్లు ఎంత విసుక్కున్నా లెక్కచేసేది కాదు. అంత మొండి మనిషి నా పక్షాన ఉన్నందుకు నాకు మొదటిసారి ధైర్యంగా అనిపించింది.

మూడో రోజు పొద్దున పాప పుట్టింది. మనిషి పిడికెడే గానీ, పుట్టగానే గుక్కపట్టి ఏడ్చింది. కొన్నాళ్లు అద్దాలపెట్టెలో ఉంచితే చాలన్నారు.

నన్ను బయటికి తెచ్చేసరికి అత్తమ్మ వరండాలో గోడకు ఆనుకుని కూర్చుని వెక్కివెక్కి ఏడుస్తోంది.

"పాప మంచిగనే ఉన్నది అత్తమ్మా. ఎందుకేడుస్తున్నరు?"

"దాని ఏడుపు ఈడిదాంక ఇనవడ్డది," అంది. "నా మొదటి బిడ్డ సుత ఎనిమిదో నెలలనే పుట్టింది. అది ఏడ్వనే లేదు."