బావాబామ్మర్దుల చీనా చదువు

చైనావాళ్ళు మనకు అన్నదమ్ములని అందరూ నమ్మకంగా చెప్పుకుంటున్న రోజుల్లో, మా ఆయన అవెన్యూ రోడ్డులో పాతపుస్తకాల దగ్గర చీనాభాష నేర్పే పుస్తకం ఒకటి కొనుక్కొచ్చారు. ఎందుకని అడిగితే చవగ్గా వచ్చిందన్నారు. ఆయన చేసిన చాలా పనులకు కారణం అదే. దాని పక్కన చెరుకు సాగు మీద పుస్తకం కనబడి ఉంటే, హలసూరులో మా ఇంటి పెరడంతా దున్ని ఉండేవారు.

మా తమ్ముడు దేవనహళ్ళిలో బడిపంతులు. శనివారం సాయంత్రం బస్సులో వచ్చి, ఒక చకోతపండు, అదే పంపరపనస, నా చేతిలో పెట్టి, ఆదివారమంతా ఉండి వెళ్ళేవాడు. పండు నాకోసం తెచ్చేవాడు గానీ, వచ్చేది వాళ్ళ బావతో వాదించడానికే. ఆ పుస్తకాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, భాష అనేది చెవితో నేర్చుకోవాలి గానీ కళ్ళతో కాదని తేల్చేశాడు. వెంటనే మా రేడియో ముల్లు తిప్పి తిప్పి చైనా స్టేషను పట్టుకున్నాడు. అలా మా ఇంట్లో రెండు బడులు మొదలయ్యాయి.

మా ఆయనది పలకా బలపం పద్ధతి. ముగ్గుల్లాంటి అక్షరాలు దిద్ది దిద్ది చెరిపేవారు. అది చాలక, ఏ వస్తువు మీద ఆ వస్తువు పేరు అంటిస్తే కళ్ళు తెరిచినప్పుడల్లా చదువు సాగుతుందని పుస్తకంలో రాసి ఉందట. నేను గుర్తు కోసం డబ్బాల మీద పెట్టుకున్న గీతలన్నీ ఆయన కాగితాల కింద పడిపోయాయి. ఆ వారం పాయసంలో ఉప్పు పడింది. నా వంటింట్లో నేను వంట చేసుకోవాలంటే ముందు నేనూ ఆ అక్షరాలు నేర్చుకోవాల్సి వచ్చింది. అన్నం తపేలాకు అంటించిన కాగితమైతే ఆవిరికి ఊడి అన్నంలోనే పడి ఉడికింది. ఇదేమిటని నిలదీస్తే, "ఫాన్ అంటే అన్నం" అని చాలా గంభీరంగా చెప్పారు. అంత కోపంలో నేర్చుకున్న మాట మరిచిపోవడం కష్టం.

మా తమ్ముడికి అక్షరం అక్కర్లేదు, అర్థమూ అక్కర్లేదు. గరగరలాడే రేడియోకు చెవి ఆనించి, విన్నది విన్నట్టు అనేవాడు. ఆ భాషలో ప్రతి మాటకూ ఒక రాగం ఉంటుందట, మొత్తం నాలుగట, నాలుగూ నా గొంతులోనే ఉన్నాయట. వీధిలో పోయే కూరలామెను నేను పిలిచేది మొదటిది. తలుపు కొడితే లోపలినుంచి "ఎవరూ?" అనేది రెండోది. మా ఆయన చెప్పింది నమ్మనప్పుడు తీసే "ఊఁ" మూడోది. పాలవాడు నీళ్ళు కలిపినప్పుడు "పో" అనేది నాలుగోది. ఈ లెక్కన ఒక వార్తాప్రసారమంతా అప్పజెప్పగలిగేవాడు. అది వానల గురించో, ఎవరైనా పోయారనో మాత్రం తెలియదు.

ఒకరికి అర్థం ఉంది, ఒకరికి గొంతు ఉంది, ఇద్దరూ కలిసి కూర్చుంటే ఒక మనిషి చదువు అవుతుంది కదా అని సలహా ఇచ్చింది నేనే. నాలాంటి తెలివైనవాళ్ళు కూడా అప్పుడప్పుడు పొరబడతారు. కొన్ని ఆదివారాలు కలిసి చదివారు. ఇద్దరూ గురువులే, శిష్యుడు లేడు. ఒకరోజు భోజనాల దగ్గర మా ఆయన ఒక వాక్యాన్ని ఆఫీసు ఉత్తర్వులా చదివితే, తమ్ముడు నవ్వి, "నీ మాట వింటే చైనావోడు కూడా రేడియో కట్టేస్తాడు బావా" అన్నాడు.

"అర్థం తెలీకుండా వాగేదానికి చిలక చాలునప్పా" అన్నారు ఈయన.

మాట మీద మాట పెరిగింది. తమ్ముడు మజ్జిగ పోసుకోకుండానే విస్తరి ముందునుంచి లేచాడు. బావ నోరారా పిలిస్తే తప్ప ఈ గడప తొక్కనన్నాడు. ఈయన లేచివచ్చి, వడ్డిస్తున్న నా తలమీద ఎంగిలి చెయ్యి పెట్టి ఒట్టు వేశారు. "వీనితో తెలుగులోగానీ, కన్నడంలోగానీ, అరవంలోగానీ, ఇంగ్లీషులోగానీ ఒక్క మాట మాట్లాడితే ఒట్టు" అన్నారు. ఒట్టు ఆయనది, తల నాది.

తర్వాత శనివారాలు వచ్చేవి, చకోతపండు వచ్చేది కాదు. ఇద్దరి మీదా నాకు ఒళ్ళు మండిపోయేది. రేడియో మీద దుమ్ము కూడా నేనే తుడవాలి. అంతలో మా పాపకు చెవులు కుట్టించే వేళ వచ్చింది. మా వాళ్ళలో మేనమామ ఒళ్ళో కూర్చోబెట్టుకుంటేనే కుట్టడం. ఆ మేనమామను బిడ్డ తండ్రే స్వయంగా నోటితో పిలవాలి. కబురు పంపితే చెల్లదు. వాడి ఒడి లేకుండా నా బిడ్డకు చెవులు కుట్టడం నాకు ససేమిరా ఇష్టం లేదు.

ముహూర్తం సంగతి నేను ఉత్తరం రాస్తే, ఆ రోజు తమ్ముడు మొదటి బస్సుకే వచ్చాడు. వచ్చి, గడప తొక్కకుండా, చకోతపండు ఒళ్ళో పెట్టుకుని, మాకు వీపు చూపిస్తూ అరుగు మీద కూర్చున్నాడు. లోపల ఆచారి బంగారు తీగ సిద్ధం చేసుకుని, ముహూర్తం దాటిపోతుందని గొణుగుతున్నాడు. మా ఆయన గడప దగ్గర నిలబడి నోరు తెరవడం, నా తలవైపు చూడటం, మూయడం. నా తలకేమైనా ఫరవాలేదు పిలవండి అన్నాను. ఆయనకు ధైర్యం చాలలేదు. ఉన్నట్టుండి లోపలికి పరుగెత్తి, చీనా పుస్తకం పట్టుకొచ్చారు.

అందులో చెవులు కుట్టడం లేదు. మేనమామ లేడు. గబగబా కాగితాలు తిప్పి, దొరికిన వాక్యం చదివారు. గుర్రం పెద్దదని దాని అర్థమట. తమ్ముడు కదల్లేదు. ఈ పెన్సిలు మీ తమ్ముడిది కాదు అన్నారు. కదల్లేదు. ఇంకో రెండు కాగితాలు తిప్పి, నుదుటి చెమట తుడుచుకుని, "నీ ఛర్ ఫాన్ ల మా" అన్నారు.

తప్పు రాగం విని ఊరుకోవడం మా తమ్ముడి వల్ల కాదు. తల తిప్పకుండానే, "నీ ఛర్ ఫాన్ ల మా" అని సరిగ్గా పాడి దిద్దాడు.

మా ఆయన తననే అడిగాడనుకున్నారు. పుస్తకంలో దానికి జవాబు వెతుక్కుని, "వో మేయ్ ఛర్" అన్నారు.

తమ్ముడు నావైపు తిరిగి, "ఏమంటుండాడక్కా మీ ఆయన?" అన్నాడు.

నాకు తెలిసిన ఒక్క మాట పట్టుకుని, నేనే వాక్యం పూర్తి చేసుకున్నాను. "అన్నం తిన్నావా అని అడుగుతుండాడు. నువ్వూ అదే అడిగితివి. తినలేదంట" అన్నాను. చెప్తుంటే నాకు ఏడుపొచ్చింది.

"నేనూ తినలేదని చెప్పు" అన్నాడు వాడు.

నువ్వే చెప్పుకో అన్నాను. వాడికి ఆ జవాబు రేడియోలో ఎప్పుడూ రాలేదు. అందుకని లేచి, చకోతపండు బావ చేతిలో పెట్టి, గడప దాటి లోపలికి వచ్చాడు.

పాప వాడి ఒళ్ళో కూర్చుని ఇల్లెగిరిపోయేట్టు కేక పెట్టింది. అది మొదటి రాగమని మా తమ్ముడు, నాలుగోదని మా ఆయన, విస్తళ్ళ ముందు కూర్చునేదాకా అచ్చ తెలుగులో వాదించుకున్నారు. ఒట్టు ఇద్దరికీ గుర్తులేదు. నా తల ఇప్పటికీ బాగానే ఉంది.

ఆ పుస్తకం తర్వాత అటకెక్కింది. బావాబామ్మర్దులు మాత్రం పోట్లాడుకుంటూనే వచ్చారు. ఎంత పెద్ద పోట్లాటైనా, ఎవరో ఒకరు గడప దగ్గరికొచ్చి ఆ ఒక్క వాక్యం అనేవారు. చైనాతో యుద్ధం వచ్చిన ఏడు కూడా అన్నారు, ఇరుగుపొరుగు వినకుండా గొంతు తగ్గించి. ఆ మాట చెవిన పడగానే నేను లోపల ఇంకో విస్తరి వేసేదాన్ని.