పది చుక్కల ఫోటో

1997లో నేను కోవిల్‌పట్టిలో ఒక ఇంజనీరింగ్ కాలేజీ మెటలర్జీ ల్యాబ్‌లో ఇన్‌స్ట్రక్టర్‌ని. ఆ ఏడు ఎట్టయాపురం దగ్గరి పల్లె నుంచి బస్సులో వచ్చి చదివే రాజేశ్వరి అనే ఫైనలియర్ అమ్మాయి ప్రాజెక్టు తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది.

ఆమె చేసింది మెల్ట్ స్పిన్నింగ్. కరిగిన లోహాన్ని గిర్రున తిరిగే రాగి చక్రం మీద పోస్తే రెప్పపాటులో గడ్డకట్టి సన్నటి రిబ్బనుగా ఎగిరిపడుతుంది. పాత లేత్ మోటారుకు ఆ చక్రం బిగించింది నేనే. అల్యూమినియంలో మాంగనీసు కలిపి పోశాం. ముక్కల్ని మద్రాసు పంపి డిఫ్రాక్షన్ ఫోటో తీయించాం. లోపలి పరమాణువుల అమరిక అందులో చుక్కలుగా కనిపిస్తుంది. మామూలు స్ఫటికమైతే నడిమి చుక్క చుట్టూ నాలుగో ఆరో ఉంటాయి. రాజేశ్వరి ఫోటోలో పది! ఇలాంటి పది చుక్కల పదార్థాలు ఉన్నాయని లోకానికి తెలిసి పదేళ్ళు దాటినా మా సిలబస్ పుస్తకానికి మాత్రం తెలియలేదు.

వైవాకు బయటి నుంచి వచ్చిన ఎగ్జామినరు ఆ ఫోటో చేతిలోకి కూడా తీసుకోలేదు.

"పది రాదమ్మా. మామూలు స్ఫటికాలే నాలుగైదు అతుక్కుని ఉంటాయి. దాన్నే 'ట్విన్' అంటారు. అలా రాయి, పాసు చేస్తా. లేదంటే వచ్చే ఏడు మళ్ళీ చెయ్యి" అన్నాడు తమిళంలో.

విరుదునగర్‌లో ఒక ఫౌండ్రీ వాళ్ళు ఆమెకు ఉద్యోగం ఇస్తామన్నారు, ఆ ఏడు పాసైతేనే.

"అతుకులైతే చిన్న చోట తీసినప్పుడు నాలుగో ఆరో రావాలి కదా. ఎంత చిన్న చోట తీసినా పదే వచ్చింది సార్" అందామె.

నాకు కోపం ఆగలేదు. "లెక్కపెట్టండి సార్! కళ్ళున్నాయి కదా!" అని కోణమానిని బల్లమీద కొట్టాను.

"ల్యాబ్ వాడివి, నీకెందుకయ్యా?"

"అయితే ఆ పుస్తకాన్నే నెత్తిన పెట్టుకుని ఊరేగండి!" అనేసి, తలుపు దబాలున వేసి బయటికొచ్చాను. వరండాలో టీ తాగుతూ ఆయన్ని ఎలా కడిగేశానో అటెండరుకు గొప్పగా చెప్పుకున్నాను కూడా.

గంటకు రాజేశ్వరి వచ్చింది. 'ట్విన్' అని రాసి సంతకం పెట్టిందట. మా ఇద్దరి ఇళ్ళల్లోనూ తెలుగే అయినా కాలేజీలో తమిళం తప్ప మాట్లాడని పిల్ల, ఆ రోజు 'సార్' అనడం మానేసి నాతో ఇంటి తెలుగులో మాట్లాడింది.

"మీకు కోవం వచ్చె, మీరు ఎళ్ళిపోతిరి మామా. నేను ఏడికి పోయేది?"

"ఆయన మూర్ఖుడమ్మా..."

"ఆయన అట్లే. మీరు కూసోనుంటే ఇద్దరం ఉంటిమి. ఒగొగ కోణం కొలిచి చూపించేది మీకు తెలుసు కదా! తలుపు కొట్టి పోతిరి, ఆయన ఇంకా రేగిపాయె. మీరిద్దరూ చేరి నా చేత్తో అబద్దం రాయిస్తిరి."

ఆ ఎగ్జామినరు మీద కోపం నాకు ఇంకా పోలేదు, పోదు కూడా. కానీ ఆ తర్వాత నా సర్వీసంతా, ఏ వైవాలోనూ పిల్లలు బయటికి రాకముందు నేను గది దాటలేదు. తిట్లు పడితే పడ్డాను, కుర్చీ మాత్రం వదల్లేదు.