వాసన చెప్పమన్న మాస్టారు

మాస్టారు పోయారన్న సంగతి మా డైనింగ్ హాలు వాట్సాప్ గ్రూపులో పొద్దున ఏడున్నరకి వచ్చింది. గుండెపోటు. ఇంట్లోనే, టీ తాగుతూ. అప్పటికి నేను టిఫిన్ల కోసం బల్లల మీద ఫోర్కులు సర్దుతున్నాను. చదివి, ఫోను జేబులో పెట్టుకుని, మిగిలిన నాలుగు బల్లలూ సర్దాను. ఫోర్కుకీ పళ్లేనికీ మధ్య బొటనవేలంత ఎడం ఉండాలని నేర్పింది ఆయనే. కళ్లు మసకబారాయి గానీ చెయ్యి తప్పలేదు.

మా హోటల్ చీరాల దగ్గర సముద్రం ఒడ్డున ఉంది. హైదరాబాదు నుంచీ బెజవాడ నుంచీ సెలవులు గడపడానికి వచ్చేవాళ్లు, పొగాకు కొనడానికి వచ్చే విదేశీయులు, తుళ్లూరు వైపు నుంచి పెళ్లిరోజు చేసుకోవడానికి వచ్చే కుటుంబాలు మా అతిథులు. రాత్రి భోజనం ఒకదాని తర్వాత ఒకటి ఏడు వంటకాలుగా వస్తుంది. ఒక్కో వంటకానికీ ఒక్కో వైన్. ఆ వైన్ల వ్యవహారమంతా చూసుకునేది మాస్టారు. చీరాలలో పుట్టిన ముస్లిం. ఇరవై ఏళ్లు ఓడల మీదా పెద్ద పెద్ద హోటళ్లలోనూ వైన్ వడ్డించి, చుక్క కూడా మింగకుండా ఊరికి తిరిగొచ్చిన మనిషి. రుచి చూడాల్సి వస్తే నోట్లో తిప్పి ఉమ్మేసి, వెంటనే నీళ్లతో పుక్కిలించేవారు.

"నాలుగు మంచి మాటలు రాయమ్మా, ఆయన శిష్యురాలివి నువ్వే కదా" అన్నారు మా మేనేజరు గారు. రాస్తున్నాను. మంచి మాటలూ రాస్తాను.

నేను ఆయన కంటబడింది గ్లాసులు తుడుస్తూ. కరోనా తగ్గి హోటళ్లు మళ్లీ తెరిచిన ఏడాది అది. మాది గుంటూరుకి ఆటో దూరంలో ఉన్న పల్లె. అమ్మ మిరపకాయలకి తొడిమలు తీసే పనికి వెళ్లేది, బడి లేని రోజుల్లో నేనూ వెళ్లేదాన్ని. కోల్డ్ స్టోరేజీ నుంచి దిగిన బస్తా మూతి విప్పగానే లోపల కాయ నెమ్ము పట్టిందో లేదో చెప్పేసేదాన్ని. అదొక విద్య అని అప్పట్లో ఎవరికి తెలుసు? మేస్త్రీ నవ్వి ఊరుకునేవాడు.

ఒకరోజు ఒక అతిథి ఎర్ర వైన్ సీసా వెనక్కి పంపాడు. మాస్టారు వంటింటి పక్క గదిలో నిలబడి గ్లాసు తిప్పి తిప్పి వాసన చూసి, "బాగానే ఉంది కదా?" అన్నారు. "బాగానే ఉందండీ" అన్నారు చుట్టూ ఉన్నవాళ్లు. పెద్దాయన బాగుందంటే బాగోలేదనేదెవరు? నాకు మాత్రం నోరు ఊరుకోలేదు.

"నెమ్ము పట్టిన మిరప బస్తా వాసన వస్తోందండీ" అన్నాను.

అందరూ నవ్వారు. ఆయన నవ్వలేదు. నా వంక చాలాసేపు చూసి, ఆ సీసాని సింకులో ఒంపేశారు. బిరడా చెడిపోతే వైన్‌కి అలాంటి వాసనే పడుతుందని నాకు తర్వాత తెలిసింది. మర్నాటి నుంచి నా డ్యూటీ ఆయన దగ్గర.

మా అమ్మ గోల చేసింది. "మన చర్చిలో ప్రభు భోజనానిక్కూడా వైన్ కాదు, ఉత్త ద్రాక్షరసమే పోస్తారు. అలాంటి ఇంట్లో పుట్టి రోజూ సీసాలు వాసన చూసే ఉద్యోగమేంటే?" అంది. మాస్టారు ఫోను తీసుకుని, "తాగే ఉద్యోగం కాదమ్మా, కనిపెట్టే ఉద్యోగం. నేను ఇన్నేళ్లలో చుక్క మింగలేదు, మీ పిల్లనీ మింగనివ్వను" అన్నారు. అమ్మ మెత్తబడింది. "సాయిబు గారే మింగకుండా నెగ్గుకొచ్చారంటే నువ్వూ నెగ్గుకొస్తావులే" అంది.

రోజూ సాయంత్రం నాలుగింటికి, సీసాలుండే చల్లగదిలో మా పాఠం. ఆయన రెండు గ్లాసుల్లో కొంచెం కొంచెం పోసేవారు. కళ్లు మూసుకుని తన గ్లాసు వాసన చూసేవారు. కళ్లు తెరవకుండానే, "చెప్పు" అనేవారు. మొదట్లో నేను పుస్తకంలో చదివినవి అప్పజెప్పేదాన్ని. "పుస్తకం మాట నాకెందుకు? మీ ఊరి మాట చెప్పు" అని కసిరేవారు. అప్పుడు చెప్పేదాన్ని. తొలకరికి తడిసిన నల్లరేగడి. గేదెల కోసం పత్తిగింజ నానబెట్టిన నీళ్లు. కల్లంలో ఆరబోసిన కాయ మీద పడ్డ మంచు. తాటిబెల్లం కాగుతూ అడుగంటిన వాసన. ఆయన తలూపుతూ చిన్న పుస్తకంలో రాసుకునేవారు.

ఆ రాత్రి భోజనాల బల్లల దగ్గర అవే మాటలు ఆయన ఇంగ్లీషులో వినబడేవి. అతిథులు గ్లాసు ముక్కు దగ్గర పెట్టుకుని, "నిజమే, తడి మట్టి!" అని ఒకళ్ల మొహం ఒకళ్లు చూసుకునేవాళ్లు. మా ఊరి నల్లరేగడి ఆయన నోట అంత అందంగా పలికితే నేను ట్రే పట్టుకుని గోడ పక్కన మురిసిపోయేదాన్ని. నా మాటలే గదా అన్న ఆలోచన కూడా రాలేదు. ఆయనకి తెలియనివి నేను చెబుతున్నానా ఏమిటి, పరీక్ష పెడుతున్నారు, నేను పాసవుతున్నాను, అనుకున్నాను.

ఆయన దగ్గర నేర్చుకున్నది వైన్ ఒక్కటే కాదు, అది ఒప్పుకోవాలి. ఒకసారి తుళ్లూరు నుంచి ఒక రైతు భార్యనీ కోడల్నీ మనవరాల్నీ తీసుకుని వచ్చాడు. జాబితాలో అన్నిటికన్నా ఖరీదైన ఎర్ర వైన్ చెప్పి, సీసా తెరవగానే, "కాస్త ఐసు పడెయ్యవయ్యా" అన్నాడు. ఆ వైన్‌లో ఐసు వేస్తే పాయసంలో చింతపులుసు పోసినట్టే. కొత్తగా చేరిన ఒక సర్వరు మూతి బిగబట్టి నవ్వాపుకున్నాడు. మాస్టారు వెండిగిన్నెలో ఐసు తెచ్చి, పట్కారుతో పట్టుకుని, "ఎన్ని ముక్కలు వెయ్యమంటారండీ?" అని అడిగారు.

"రెండెయ్యి చాలు. పొలం ఉన్నన్నాళ్లూ కుండనీళ్లే చల్లన మాకు. ఇప్పుడు ఐసు లేందే గొంతు దిగట్లేదు" అన్నాడాయన.

వాళ్లు వెళ్లాక మాస్టారు ఆ సర్వర్ని పిలిచి, అందరూ వినేలా, "అతిథి సిగ్గుపడ్డాడంటే ఆ పూట వంటంతా మాడిపోయినట్టే. గుర్తుపెట్టుకో" అన్నారు. ఈ మాట నేనిప్పటికీ కొత్తవాళ్లకి చెబుతాను. మాస్టారు చెప్పారనే చెబుతాను.

ఒక క్రిస్మస్‌కి నేను నాలుగు రోజులు ఊరెళ్లాను. తిరిగొచ్చేసరికి నా పేరు పాడైపోయి ఉంది. పొగాకు కొనుగోలుదార్ల బల్ల మీద చెడిపోయిన సీసా వడ్డించారట. వాళ్లు ఒక్క గుక్కతో గ్లాసులు పక్కకి నెట్టేశారట. "ఆ అమ్మాయి వెళ్లేముందు చూసి పెట్టిన సీసా" అని మాస్టారు మేనేజరుకి చెప్పారు. నన్ను వారం రోజులు మళ్లీ గ్లాసులు తుడవడానికి పంపారు.

"ఆ సీసా నేను తెరవనే లేదు కదండీ మాస్టారూ" అన్నాను.

"ఒక్కోసారి చిన్నవాళ్లు మొయ్యాలమ్మా. పెద్దవాడి మీద నమ్మకం పోతే హోటలే పడిపోద్ది" అన్నారు. మర్నాడు ఇంటి నుంచి బిర్యానీ డబ్బా తెచ్చి నా ముందు పెట్టారు. తిన్నాను. నమ్మాను కూడా.

రెండేళ్ల కిందట ఒకావిడ మా హోటల్లో మూడు రోజులు దిగింది. దేశాలు తిరిగే ఒక పెద్ద విలాసాల ఓడ మీద వైన్లన్నీ ఆవిడ చేతికింద ఉంటాయి. చివరిరోజు నన్ను పిలిచి మూడు గ్లాసులు ముందు పెట్టింది. నాకొచ్చిన ఇంగ్లీషులో, రానిచోట తెలుగులో చెప్పాను. మూడోదానికి ఆవిడ బల్ల మీద చరిచి నవ్వింది. "మా ఓడకి రా. మీ మాస్టారికి రాసి నీ సంగతి కనుక్కుంటాను. ఆయన సరేనంటే చాలు" అంది.

నేను పాస్‌పోర్టు తీయించుకున్నాను. మా పేటలో పాస్‌పోర్టు తీయించుకున్న మొదటి ఆడపిల్లని నేనే. పోలీసు విచారణకి వస్తే, ఏం తప్పు చేసిందోనని వీధంతా గుమిగూడింది. అమ్మ అందరికీ కాఫీలు పోసింది. తర్వాత ఐదు నెలలు ఎదురుచూశాను. అడిగినప్పుడల్లా మాస్టారు, "పెద్ద కంపెనీలు అంతేనమ్మా. బల్ల దగ్గరున్నంతసేపూ ఒక మాట, లేచాక ఇంకో మాట" అనేవారు. ఇంకెప్పటికీ అడగనని ఊరుకున్నాను. నన్ను ఓదార్చినందుకు ఆయనకి దణ్ణం పెట్టుకున్నాను.

ఆయన పోయిన నలభయ్యో రోజు వాళ్లింట్లో ఫాతెహా ప్రార్థనకి వెళ్లాను. భోజనాలయ్యాక ఆయన భార్య నన్ను లోపలి గదిలోకి పిలిచి పక్కన కూర్చోబెట్టుకున్నారు. పోయినవాళ్ల తరఫున ఇంటివాళ్లు క్షమాపణ అడగడం వాళ్లలో ఉంది.

"ఆయన వల్ల నీకేదన్నా అన్యాయం జరిగుంటే మాఫ్ చెయ్యమ్మా" అన్నారు.

"అయ్యో, అన్యాయమేంటండీ! అన్నం పెట్టే విద్య ఇచ్చారు. ఏమున్నా ఎప్పుడో మాఫే" అన్నాను.

ఆవిడ తల అడ్డంగా ఊపారు. "అలా తెలియకుండా చేస్తే చెల్లదమ్మా. తెలిసి చెయ్యాలి."

అప్పుడు చెప్పారు. కరోనా వచ్చినప్పుడు పోయిన వాసన ఆయనకి మళ్లీ రాలేదు. "ఒకరోజు గ్యాసు లీకైంది. నేను పక్కింటి నుంచి పరిగెత్తుకొచ్చాను. ఆయన పొయ్యి పక్కనే కూర్చుని పేపరు చదువుకుంటున్నారమ్మా" అన్నారు. ఓడ ఆవిడ నిజంగానే రాసింది. ఒకసారి కాదు, రెండుసార్లు. మాస్టారు జవాబిచ్చారు. ఇచ్చేముందు భార్యకి చదివి వినిపించారు. "ఈ అమ్మాయి ఇంకా తయారవలేదు. ముక్కుకి నిలకడ లేదు."

"ఆ పిల్ల ఉసురు తగులుద్దండీ అన్నాను. ఆ పిల్ల వెళ్లిపోతే నేను సంచి సర్దుకోవాల్సిందే, ఈ వయసులో ఎక్కడికి పోను, అన్నారు. ఆ రాత్రి అన్నం తినలేదమ్మా ఆయన" అన్నారు.

ఆయన ఒక పూట మానేసిన అన్నం నా ఓడకి సరిపోతుందా? నాకు ఒళ్లు మండిపోయింది. ఇప్పటికీ మండుతోంది. నాలుగేళ్లు ప్రతి సాయంత్రం నేను పాఠం అనుకున్నది ఆయన పూట గడుపుకోవడం. ఆ సింకులో సీసా ఒంపిన రోజునే ఆయనకి తెలుసు నేనేమిటో. నాకు మాత్రం తెలియనివ్వలేదు. చెడిన సీసా నా నెత్తిన రుద్దారు. నా మాటలు తన నోట చెప్పుకున్నారు, పోనీ, అవి నావని నాకే తట్టలేదు. కానీ ఏ ముక్కు మీద బతికారో ఆ ముక్కుకే నిలకడ లేదని సంతకం పెట్టారే! ముక్కు పోయిందమ్మా, నన్ను వదిలి వెళ్లకు, అని ఒక్కమాట అడిగి ఉంటే ఉండిపోయేదాన్నేమో. ఉంటానో వెళ్తానో చెప్పే వంతు కూడా నాకు రానివ్వలేదు.

ఆయన లేకపోతే నేను గ్లాసులు తుడుస్తూనే ఉండేదాన్ని. ఆయన వల్లే ఓడ ఎక్కలేదు. ఈ రెండింటిలో ఏది ముందు చెప్పుకోవాలో తెలియక ఈ నాలుగు పేజీలూ రాశాను.

ఆవిడ నా జవాబు కోసం చూశారు. అది రాకపోయేసరికి లేచి, బీరువాలోంచి ఒక ప్లాస్టిక్ కవరు తీశారు. లోపల తెల్ల చొక్కా. చివరిరోజు డ్యూటీ నుంచి వచ్చి విప్పిన చొక్కా అట. ఉతకలేదు.

"రోజూ ఒకసారి తీసి వాసన చూసుకునేదాన్ని. వారం నుంచి జలుబు, ఏం తెలియట్లేదు. ఆయన వాసన ఇంకా ఉందేమో కాస్త చూడమ్మా. ఉంటే ఇలాగే దాచుకుంటా. పోతే ఉతికి ఎవరికన్నా ఇచ్చేస్తా" అన్నారు.

చొక్కా ముఖానికి ఆనించుకున్నాను. ఉంది. మెడపట్టీ దగ్గర చెమట, గంజి. చంకల దగ్గర సముద్రపు చెమ్మ. కుడి చేతిమడతలో బిరడా పొడి, సీసా మీద లక్క. వీటన్నిటి కింద, వయసు మళ్లిన మనిషి ఒంటి వెచ్చని వాసన. ఇంకో ఏడాదైనా పోదు.

"లేదండీ. పోయింది" అన్నాను.

ఆవిడ ఒక్క క్షణం కూడా అనుమానించలేదు. "ఆ పిల్ల ముక్కు తప్పదు అనేవారు ఆయనెప్పుడూ. నువ్వన్నావంటే పోయినట్టే" అన్నారు.

చొక్కా తీసుకుని పెరట్లోకి వెళ్లారు. నేనూ వెనకాలే వెళ్లాను. పంపు కింద బకెట్టు నిండింది. సబ్బు పొడి వేసి, చొక్కా ముంచారు. ఒక చెయ్యిలో గాలి చేరి ఉబ్బి నీళ్ల పైకి తేలింది. ఆవిడ దాన్ని అరచేత్తో నెమ్మదిగా అదిమారు. అది మళ్లీ తేలింది. మళ్లీ అదిమారు. నేను గుమ్మంలో నిలబడి చూస్తున్నాను.