నాలుగు పోగుల మాగ

తిరువూరులో మాగ చేపను మొట్టమొదట అమ్మిన మనిషి జోజమ్మ. ఆ ఒక్క చేప అమ్ముడుపోవడానికి నాలుగు ఆదివారాలు పట్టింది. చెరువు బొచ్చెలు, కొర్రమీనులు తిని పెరిగిన ఊరికి సముద్రపు చేపంటే అనుమానం. మొదటి ఆదివారం వాసన చూసి వెళ్లారు. రెండో ఆదివారం ధర అడిగి వెళ్లారు. మూడో ఆదివారం "బందరోళ్లు తినలేక నీకిచ్చారా?" అని నవ్వుకుంటూ వెళ్లారు. ఏ వారం తెచ్చిన చేపను ఆ వారమే జోజమ్మా, ఆమె భర్త రాయప్పా పులుసు పెట్టుకుని తిన్నారు. నాలుగో ఆదివారం లారీ డ్రైవరు మొహిద్దీన్ ఆగాడు.

"బొంబాయిలో దీన్ని రావస్ అంటారు. పెద్ద పెద్ద హోటళ్లలో పెడతారు. నువ్వేమంటావు చెల్లెమ్మా?"

"మాగ అంటామండి. మా అక్క బందరులో ఉంది, అక్కడ అందరూ అదే అంటారు."

"పేరేదైతేనేం, తలతో సహా ఇచ్చెయ్."

అలా మొదలైంది. పెనుగొలను బడిలో ఐదో తరగతి చదివిన మనిషి ఈ ఇరవై రెండేళ్లలో ఎన్ని సాధించిందో చెప్పాలంటే వేళ్లు చాలవు. ఐసు పెట్టెను బస్సెక్కనివ్వం అన్న కండక్టర్లను ఒక్కొక్కరినే మాటలతో గెలిచింది. నిన్నటి చేపను ఇవాళ్టిదని ఏనాడూ అమ్మలేదు. వినగడప నుంచి కూడా పెళ్లివాళ్లు ఆమెను వెతుక్కుంటూ వచ్చారు. తపస్సు కాలంలో, మాంసం ముట్టని శుక్రవారాల్లో, చర్చికి వెళ్లే ఏ ఇల్లాలితోనూ చేప లేదని అనలేదు. ఇదంతా ఒక కత్తిపీట, ఒక తక్కెడ, ఒక పలకతో.

ఆమె తప్పు చేసింది ఒక్కసారే. మాగను ఇంగ్లీషులో ఇండియన్ సాల్మన్ అంటారని ఐసు ఫ్యాక్టరీలో ఎవరో చెబితే, గొప్పగా ఉందనుకుని పలక మీద 'సాల్మన్' అని రాసింది. తొమ్మిదింటికల్లా పెట్టె ఖాళీ! మర్నాడు రిటైరైన టీచరమ్మ సరోజినీదేవి డబ్బాలో ఒక ముక్క పెట్టుకుని వచ్చింది.

"మా ఆయన్ని డాక్టరు సాల్మన్ తినమన్నాడే జోజమ్మా. అది లోపల నారింజరంగులో ఉంటుంది. ఇదేంటి ఇంత తెల్లగా ఉంది?"

"రెండూ ఒకటే అన్నారండి..."

"ఎవరన్నారు? అది చలిదేశాల చేప. సముద్రంలో పెరిగి, గుడ్లు పెట్టే వేళకి ఏరు ఎదురెక్కి పుట్టిన చోటికి పోతుంది. నీ మాగ దానికి చుట్టం కూడా కాదు. ఏ తెల్లదొరకో వాళ్ల ఊరి చేప గుర్తొచ్చి ఆ పేరు పెట్టుంటాడు. నీ చేప రుచికి వంక పెట్టట్లేదు, రాత్రి రెండు ముక్కలు నేనే తిన్నాను. కానీ చెప్పి అమ్ము."

జోజమ్మ అప్పటికప్పుడే పలక తుడిచింది. ఆ రోజు నుంచి ఒక పద్ధతి పెట్టుకుంది. మాగకు గొంతు కింద ఒక్కో పక్క నాలుగేసి పొడుగాటి పోగులు మీసాల్లా వేలాడుతుంటాయి; సాల్మన్‌కి అవి ఉండవు. కొనేవాళ్లు ఒక పక్కవి లెక్కపెట్టి, నోటితో "నాలుగు" అన్నాకే చేపను కత్తిపీట దగ్గరికి తెస్తుంది. వెనక ఎంతమంది నిలబడి తిట్టుకున్నా సరే.

ఈ ఏప్రిల్లో మొహిద్దీన్ కూతురు ఇర్ఫానా పెళ్లి. నికా విందుకి యాభై కిలోల మాగ కావాలన్నారు. జోజమ్మ జన్మలో అంత పెద్ద ఆర్డరు లేదు. పైగా మొదటి చేప కొన్న ఇంటి పెళ్లి. విందు పన్నెండో తారీఖున; పదిహేను నుంచి మోటారు పడవలకు రెండు నెలలు వేట బంద్. విందుకి నాలుగు రోజులుందనగా పెళ్లికూతురి అన్న ఇలియాస్ బైకు మీద వచ్చాడు.

"ఆంటీ, తలలూ పోగులూ తీసేసి ముక్కలే పంపండి. సాల్మన్ ఫ్రై అని బోర్డు కొట్టించేశా."

"మాగ అని కొట్టించు బాబూ."

"హైదరాబాదోళ్లకి మాగంటే ఏం తెలుస్తుంది? మా పరువు సంగతి ఆంటీ!"

"పోగులు లెక్కపెట్టకుండా నా పెట్టెలోంచి చేప కదలదు."

"అయితే బెజవాడ నుంచి ఫ్రీజరు చేప తెప్పించుకుంటాం. దానికి మీసాలూ ఉండవు, మాటలూ ఉండవు."

ఇంట్లో రాయప్ప గొణిగాడు. "లోకమంతా అనే పేరేగా, నువ్వూ అనేస్తే పోలా?"

"నిన్ను రేపట్నుంచి కలెక్టరుగారూ అని పిలుస్తా. జీపొస్తుందేమో చూద్దాం."

అన్నదే గానీ, ఆమెకు అన్నం సయించలేదు. తెల్లారి కోయని మాగ ఒకదాన్ని పళ్లెంలో పెట్టుకుని మొహిద్దీన్ ఇంటికి నడిచింది.

"భాయ్, మొదటి చేప మీరే కొన్నారు. మీ ఇంటి విందులో చేపకి లేని పేరు పెట్టి వడ్డించలేను. ఫ్రీజరు చేప తెచ్చుకుంటానంటే నాకు కోపం లేదు. మాగ అని బోర్డు పెట్టి, గుమ్మం దగ్గర ఒక్క చేపని పోగులతో ఉంచనిస్తే మాత్రం యాభై కిలోలూ నేనే తెస్తా."

మొహిద్దీన్ పళ్లెం వంక చూసి, కొడుకు వంక చూసి, పకపకా నవ్వాడు.

"ఇరవై రెండేళ్ల కింద నేను రావస్ అంటేనే ఒప్పుకోలేదురా ఈవిడ! నువ్వు సాల్మన్ అంటే ఒప్పుకుంటుందా? వెళ్లి బోర్డు మార్పించు."

విందు రోజు గుమ్మం పక్కన ఐసు మీద మూరెడు మాగ వెండిలా మెరుస్తూ పడుకుంది. పిల్లలు వరసకట్టి పోగులు లెక్కపెట్టారు. పెళ్లికొడుకు మేనత్త ఆసిమా ఆగి, "ఇదేం చేప?" అంది. జోజమ్మ నోరు తెరిచేలోపే ఇలియాస్ ముందుకొచ్చాడు.

"మాగ అండీ! మా దగ్గర ఇదే స్పెషల్. పోగులు లెక్కపెట్టండి, ఒక్కో పక్క నాలుగుంటాయి."

జోజమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వు ఆపుకుంది.

ఆసిమా మూడుసార్లు వడ్డించుకుని వెతుక్కుంటూ వచ్చింది. "నడుమ ఒక్క ముల్లే ఉందమ్మా! హైదరాబాదు పంపిస్తావా?"

"ఎల్లుండి దాటితే పడవలు ఒడ్డెక్కుతాయమ్మా. నేనూ మా అక్క దగ్గరికి బందరు పోతున్నా."

"మళ్లీ ఎప్పుడు?"

ఆ అడిగింది ఆమె ఒక్కతే కాదు, పక్కన నిలబడ్డ ఇలియాస్ కూడా. అందుకే జోజమ్మ బస్సెక్కే ముందు, బస్టాండు పక్కన మూసిన తన కొట్టు తలుపుకి పలక తగిలించి వెళ్లింది. దాని మీద పెద్ద అక్షరాలతో ఇంతే ఉంది: మాగ, జోజమ్మ, జూన్ 17.