ఖాళీ రియాక్టర్‌లోంచి నీళ్ళు

దయ్యాలున్నాయనే మనిషిని చూస్తే నాకు భయం కాదు, చీదర. రియాక్టర్‌కు నిమ్మకాయలు కట్టినప్పుడల్లా తెంపి పారేసిన కెమిస్టును నేనే.

ఆదోని నుంచి ఎమ్మిగనూరు పోయే దారిలో మాది చిన్న ఫ్యాక్టరీ. పత్తిగింజల నూనె మడ్డిలోంచి తీసిన ఆమ్లాన్ని ఆల్కహాల్‌తో, ఉత్ప్రేరకంతో కలిపి రియాక్టర్ అనే పెద్ద ఉక్కు పాత్రలో బాగా కాగబెడతాం. అందులో నీళ్ళు పుడతాయి. అవి లోపలే ఉండిపోతే చర్య ముందుకు సాగదు. అందుకే వేడిని తట్టుకునే ప్లాస్టిక్ పొర, మెంబ్రేన్, పెట్టాం. దాని గుండా నీటి ఆవిరి మాత్రమే బయటికొచ్చి, చల్లబడి, గొట్టం చివర బొట్లుబొట్లుగా పడుతుంది.

ఈరన్న మా దగ్గర డ్రమ్ములు దించే కూలీ. నందవరం వైపు మనిషి. మే నెలలో ఒక మధ్యాహ్నం నా దగ్గరికొచ్చి, "సార్, తల తిరుగుతాండాది. రవ్వన్ని నీళ్ళు తాగొస్తా" అన్నాడు. ఆ రోజు అలా అడగడం అది రెండోసారి.

"నాటకాలు సాలు. ఆ నాలుగూ దించి పో" అన్నాను.

మూడో డ్రమ్ము దగ్గర పడిపోయాడు. సాయంత్రానికి ఆదోని ఆసుపత్రిలో చనిపోయాడు. గుండెజబ్బు ఉండుంటుందని యజమానితో చెప్పాను. నమ్మి చెప్పిన మాట కాదది.

వారం తర్వాత మెంబ్రేన్ మార్చడానికి ప్లాంటు ఆపాం. రియాక్టర్ ఖాళీ చేసి రెండు రోజులైంది. పొద్దున పదింటికి ఆపరేటర్ మాబుసాబు వచ్చి, "సార్, గొట్టంలో నీళ్ళు వస్తాండాయి" అన్నాడు.

నవ్వాను. "చల్లబరిచే నీళ్ళు కారుతాంటాయి. ఆ మాత్రం తెలీదా అప్పా?"

వెళ్ళి ఆ లైను నేనే కట్టేశాను. ధార ఆగలేదు. రియాక్టర్ మూత తీయించాను. లోపలంతా పొడి. మెంబ్రేన్ ఉన్న గొట్టాన్ని రియాక్టర్ నుంచి విప్పించాను. అయినా దాని రెండో కొస నుంచి నీళ్ళు పడుతూనే ఉన్నాయి. చల్లబరచడానికి వాడే మా బోరు నీళ్ళు ఉప్పన, సబ్బు నురగ రాదు. ఈ నీళ్ళతో చేతులు కడిగితే నురగే నురగ. రోజూ గొట్టంలో పడే నీళ్ళకుండే కాస్త ఆల్కహాల్ వాసన కూడా లేదు.

ఒక బకెట్టు నిండింది. ఇంకోటి పెట్టారు. వెనక ఎవరో ఈరన్న పేరెత్తారు. "మూర్ఖుల్లారా, నోర్ముయ్యండి" అన్నాను. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది.

రెండో బకెట్టు నిండగానే ఆగిపోయాయి.

రిపోర్టులో 'కూలింగ్ లీకు' అని రాశాను. మాబుసాబు అది చదివి, "లీకు యాడుందో సూపిచ్చండి సార్, మూసేస్తా" అన్నాడు. అతని గొంతులో ఎగతాళి లేదు.

చూపించలేకపోయాను. రెండేళ్ళయింది. ఇప్పుడడిగినా చూపించలేను.