ఏడో నంబరు పెట్టెలో నీలిపూలు

మా బావకి మొహాలు గుర్తుండవు, పాదాలు గుర్తుంటాయి. ఇరవై ఏళ్లుగా చెప్పుల షాపులో స్టూలు మీద కూర్చుని జనాల కాళ్లకి చెప్పులు తొడుగుతున్నాడు మరి. నేనూ అక్కడే ప్యాకింగు చేస్తాను. సెలవొస్తే చాలు, బావ బస్ డిపో వెనక ఖాళీ జాగాలో గడ్డిపూల విత్తనాలు ఏరుకునేవాడు. వాటిని నీడలో ఆరబెట్టి, పొట్లాలు కట్టి, బూట్లతో వచ్చే తేమ పీల్చే బుల్లి సంచులు పక్కన వేసి, పాత చెప్పుల పెట్టెలో దాచేవాడు. చీమలు పడతాయని మా అక్క ఆ పెట్టెని ఇంటి గడప తొక్కనివ్వలేదు. అందుకని షాపు గోడౌన్లోనే ఓ అరలో పెట్టుకున్నాడు.

పోయినేడు ఆ జాగా అంతా సిమెంటు పోసేశారు. అక్కడి నీలిపూలు మళ్లీ ఎక్కడా కనబడలేదు. వానలు పడితే వాటి విత్తనాలు కాలవగట్టున చల్లాలని బావ ఆశ. మిగిలినవల్లా ఆ పెట్టెలోవే.

ఆ పెట్టెని నేను అమ్మేశాను.

సేల్ రోజులు, ఊపిరాడని రద్దీ. ఒకావిడ బావ తొడిగి చూపించిన జత వద్దు, అలాంటిదే కొత్తది కావాలంది. గోడౌన్ అరలో చేతికందిన పెట్టె మీద ఏడో నంబరని ఉంది కదాని తెరవకుండానే ఇచ్చేశాను. తేలిగ్గా ఉంటే కొత్త మోడల్ కాబోలనుకున్నాను. నా తెలివి తెల్లారినట్టే ఉంది.

సాయంత్రం బావ అర తడుముతూ, "అమ్మాయ్, ఇక్కడి పెట్టేదీ?" అన్నాడు. జరిగింది చెప్పాను. తిట్టినా బాగుండేది. స్టూలు మీద కూలబడి, "ఆవిడ చిటికెన వేలు వంకర. పాదం చూస్తే పోల్చుకుంటాను," అన్నాడు. ఊరందరి కాళ్లూ పట్టుకుని వెతుకుతామా!

మూడు రోజులు నాకు అన్నం సయించలేదు. నాలుగో రోజు షాపు తీస్తుండగానే ఓ పెద్దావిడ వచ్చి, పెట్టె బల్ల మీద టపీమని పెట్టింది.

"ఏమయ్యా, చెప్పులడిగితే చెత్త కట్టిస్తారా? చూసుకోనక్కర్లేదూ?"

బావ మొదట ఆవిడ పాదం చూశాడు, చిటికెన వేలు వంకరే. తర్వాత పెట్టె తెరిచాడు. పొట్లాలు కట్టినవి కట్టినట్టే ఉన్నాయి. పకపకా నవ్వేశాడు.

"తిడుతుంటే నవ్వుతాడేమిటమ్మా ఈయన!" అందావిడ నాతో. నాకేమో ఏడుపొచ్చింది. అమ్మయ్య, బతికాను.

బావ ఆవిడకి కొత్త జత తొడిగాడు. నీలిపూల పొట్లం విప్పి, సగం వేరే కాగితంలో కట్టి ఆవిడకిచ్చాడు.

"పూల విత్తనాలమ్మా. మీ దగ్గరుంచుకుని, వానలు పడ్డాక చల్లండి."

"నాకెందుకయ్యా?"

"చెత్త అనుకుని కూడా పారేయకుండా తెచ్చారు. మీ దగ్గరుంటే నాకు బెంగ ఉండదు."

మిగతా సగం గోడౌన్లో దాచమని నా చేతికే ఇచ్చాడు.