ఈడ, ఆడ అన్నందుకు కోసిన మార్కులు

తొంభైలలో మద్రాసులో బి.ఎడ్. విద్యార్థులకు లెక్కలు చెప్పే పద్ధతి నేర్పేదాన్ని. తిరువొత్తియూరు నుంచి వచ్చే మా విద్యార్థిని ఒకామె తన పరీక్ష పాఠంగా ఒక తెలుగు మీడియం బడిలో రుణసంఖ్యలు చెప్పింది. బోర్డు మీద గీత గీసి, "సున్నాకి ఈడ మైనస్, ఆడ ప్లస్" అంది. ఆంధ్ర నుంచి వచ్చిన పరీక్షకుడు ఆమె ఫెయిలయ్యేలా మార్కులు కోశాడు.

"పిలకాయలకి లెక్క వచ్చిందా లేదా సార్?" అని అడిగాను.

"వచ్చింది మేడమ్. కానీ ఈడేంటండీ, ఆడేంటండీ! అదీ ఒక తెలుగేనా?"

"మా తాతల నాటి నుంచీ మా తెలుగు అదే సార్. మీరు పరీక్ష పెట్టింది లెక్కల టీచరుకి."

మార్కుల పట్టికలో నా సంతకం కూడా ఉండాలి. దిద్దేదాకా పెట్టనని ఎదురుగా కూర్చున్నాను. చివరికి దిద్దాడు, ఆమె గట్టెక్కింది. తర్వాత అందరికీ కాఫీ వచ్చింది, నాకు తప్ప. అదీ మరిచిపోలేదు.